గణితంలో కొత్త ఫలితాలపై ఆన్‌లైన్ ఉపన్యాసాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

గణితంలో ఈ మధ్య తేలిన పెద్ద ఫలితాల గురించి వాటిని సాధించినవారో, దగ్గర నుంచి చూసినవారో చెప్పిన ఉపన్యాసాలు ఇప్పుడు ఎవరికైనా ఉచితంగా దొరుకుతున్నాయి. దొరకడం కష్టం కాదు. దేన్ని చూడాలి, ఎంతవరకు చూడాలి, విన్నదాన్ని ఎంతవరకు నమ్మాలి అన్నదగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. ఎక్కువగా వినిపించే ప్రశ్నలకు జవాబులు ఇవి.

ఇవి అర్థం కావాలంటే ఎంత గణితం వచ్చి ఉండాలి?

వక్త ఎవరిని దృష్టిలో పెట్టుకుని మాట్లాడుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ‘పబ్లిక్ లెక్చర్’ అని ఉన్నదానికి హైస్కూలు లెక్కలు గుర్తుంటే చాలు. ‘కలోక్వియం’ అని ఉంటే ఒక విశ్వవిద్యాలయ గణిత విభాగంలోని వేర్వేరు శాఖలవారందరికీ కలిపి చెబుతున్నారని అర్థం. డిగ్రీలో గణితం చదివినవారు అందులో మొదటి సగమైనా హాయిగా వినగలరు. ‘సెమినార్’ మాత్రం ఆ శాఖలోనే పనిచేసేవారు తమలో తాము మాట్లాడుకునేది. మొదటి స్లైడులోనే తెలియని నిర్వచనాలు మూడు ఎదురైతే చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. పక్క శాఖలోని ప్రొఫెసర్ పరిస్థితి కూడా అంతే.

శాఖను బట్టి కూడా తేడా ఉంటుంది. సంఖ్యా సిద్ధాంతంలో, కాంబినటోరిక్స్‌లో (లెక్కింపులు, కూర్పుల గణితం), ఆకారాల అమరికకు సంబంధించిన జ్యామితిలో ప్రశ్నను ఎవరికైనా చెప్పవచ్చు, జవాబే కొరకరాని కొయ్య. బీజీయ జ్యామితిలో ప్రశ్న కూడా ఒక పట్టాన బోధపడదు. 2024లో డెనిస్ గైట్స్‌గోరి, సామ్ రాస్కిన్ మరో ఏడుగురితో కలిసి జ్యామితీయ లాంగ్‌లాండ్స్ ఊహకు (గణితంలో ఊహ అంటే నిజమని తోచినా ఇంకా నిరూపణ దొరకని మాట) ఇచ్చిన నిరూపణ అయిదు పత్రాల్లో, 800 పుటలకు పైగా సాగింది. దానిపై కూడా ఉపన్యాసాలు ఉన్నాయి. కొత్తగా మొదలుపెట్టేవారిని వాటి జోలికి వెళ్లమని మాత్రం చెప్పలేను.

ఎక్కడ వెతకాలి?

యూట్యూబ్‌లో ఫలితం పేరు కొట్టి వెతకడం కన్నా సంస్థల ఛానళ్లలోకి, వెబ్‌సైట్లలోకి నేరుగా వెళ్లడం మేలు. పేరు కొడితే ముందు వరసలో కనిపించేవి ఆశ్చర్యార్థకాలు నిండిన శీర్షికలున్న పది నిమిషాల వీడియోలే. ప్రిన్స్‌టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీ, కేంబ్రిడ్జ్‌లోని ఐజాక్ న్యూటన్ ఇన్‌స్టిట్యూట్, పారిస్‌లోని హెన్రీ పాన్‌కరే ఇన్‌స్టిట్యూట్, ఆ నగరానికి దగ్గర్లోని ఐహెచ్‌ఈఎస్, బెర్క్‌లీలోని ఎస్ఎల్‌మ్యాథ్ (2022 వరకు దీని పేరు ఎంఎస్ఆర్ఐ), టొరంటోలోని ఫీల్డ్స్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులోని ఐసీటీఎస్ తమ ఉపన్యాసాలను బయట పెడతాయి. కెనడాలోని బాన్ఫ్ గణిత పరిశోధన కేంద్రంలో రికార్డింగ్ అంతా యంత్రాలే చూసుకుంటాయి. చిన్న వర్క్‌షాపులో పాతికమంది ముందు చెప్పినది కూడా అక్కడ దొరకడానికి కారణం అదే.

అంతర్జాతీయ గణిత సమాఖ్య ఛానల్ ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. నాలుగేళ్లకొకసారి జరిగే అంతర్జాతీయ గణిత మహాసభ ఉపన్యాసాలు అందులో ఉంటాయి. 2022 మహాసభ ఉపన్యాసాలు ఆన్‌లైన్‌లోనే జరిగాయి కాబట్టి అవి తెర మీద చూసేవారి కోసమే తయారయ్యాయి. ఏ రోజు ఏ సెమినార్ ప్రత్యక్షంగా జరుగుతుందో తెలుసుకోవడానికి 2020లో మొదలైన ‘రీసెర్చ్ సెమినార్స్’ అనే జాబితా సైటు ఉంది. సమయాలను మీరున్న చోటి గడియారానికి మార్చి చూపిస్తుంది.

ఒకే ఫలితం మీద అయిదారు ఉపన్యాసాలు ఉన్నాయి. ఏది ముందు చూడాలి?

ఫలితాన్ని సాధించిన వ్యక్తి చెప్పినదాన్ని రెండోదిగా చూడండి. మొదటిది మరొకరు చెప్పినది కావాలి.

ఇది వింతగా తోచవచ్చు. కానీ ఒక సమస్యతో ఏళ్ల తరబడి కాపురం చేసిన మనిషికి ఏది తేలికో, ఏది కష్టమో బయటివారికి కనిపించినట్టు కనిపించదు. అందరూ తడబడే మలుపు ఆయనకు ఎప్పుడో అలవాటైపోయి ఉంటుంది. ఎవరూ అడగని సాంకేతిక వివరం మాత్రం ఆయనను ఆరు నెలలు నిద్రపోనివ్వలేదు కాబట్టి గంటలో ఇరవై నిమిషాలు దానికే పోతాయి. పైగా ముందు పనిచేసినవారందరి పేర్లూ చెప్పి తీరాలి. అదే ఫలితాన్ని కొన్ని నెలల క్రితం కూర్చుని నేర్చుకున్న మరో గణితవేత్తకు తాను ఎక్కడ తట్టుకుని పడ్డారో ఇంకా గుర్తుంటుంది.

గణితవేత్తల లోకం ఈ సంగతిని ఎప్పుడో గ్రహించింది. పారిస్‌లో 1948 నుంచి నడుస్తున్న బుర్బాకీ సెమినార్ ఏర్పాటే అది: కొత్త ఫలితాన్ని సాధారణంగా దాన్ని సాధించనివారి చేత చెప్పిస్తారు. వక్త రాసిన వ్యాసం కూడా తర్వాత అచ్చవుతుంది. వీడియోలను పాన్‌కరే ఇన్‌స్టిట్యూట్ పెడుతుంది. అమెరికన్ గణిత సమాజం 2003 నుంచి జనవరి సమావేశాల్లో ‘కరెంట్ ఈవెంట్స్ బులెటిన్’ పేరుతో ఇలాంటి ఉపన్యాసాలే ఏర్పాటు చేస్తోంది. వాటి లిఖిత రూపం ఉపన్యాసం కన్నా బాగుంటుందని నా అభిప్రాయం. గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ పతకాల ప్రదానం సందర్భంగా ప్రతి గ్రహీత కృషినీ మరొకరు వివరించే ఆనవాయితీ ఉంది. 2022లో మరీనా వియజోవ్‌స్కా కృషిని హెన్రీ కోన్, జేమ్స్ మేనార్డ్ కృషిని కణ్ణన్ సౌందరరాజన్ వివరించారు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచనివారికి ఈ రెండూ చక్కటి ద్వారాలు.

ఆ తర్వాత అసలు మనిషి ఉపన్యాసానికి వెళ్లండి. ఏ దారులు మూసుకుపోయాయి, ఏ రోజు ఏది తట్టింది అన్నది ఆయనో ఆవిడో తప్ప ఇంకెవరూ చెప్పలేరు. తీరా చూస్తే చాలామంది దాన్ని చెప్పరు, చివర్లో ఎవరైనా అడిగితే తప్ప. అందుకే చివరి ప్రశ్నోత్తరాలను వదిలేయకండి.

మొదట ఏ ఫలితాలతో మొదలుపెట్టాలి?

ప్రశ్న ఒక్క నిమిషంలో అర్థమయ్యేవాటితో.

ప్రధాన సంఖ్యల మధ్య ఎడం. 3, 5; 11, 13; 29, 31 లాంటి కవల ప్రధాన సంఖ్యలు అనంతంగా ఉన్నాయా అన్నది ఇప్పటికీ తేలలేదు. 2013లో యితాంగ్ ఝాంగ్, ఎడం 7 కోట్లకు మించని ప్రధాన సంఖ్యల జతలు అనంతంగా ఉన్నాయని నిరూపించారు. 2 ఎక్కడ, 7 కోట్లు ఎక్కడ అనిపించవచ్చు. కానీ అంతవరకు ఏ స్థిరమైన హద్దూ లేదు, అనంతం నుంచి 7 కోట్లకు దిగడమే అసలు దూకుడు. ఆ హద్దును ‘పాలీమ్యాథ్’ అనే బహిరంగ సామూహిక ప్రయత్నం 4,680కి దించింది. అదే ఏడాది చివర్లో మేనార్డ్ వేరే పద్ధతిలో 600కు తెచ్చారు. టెరెన్స్ టావో కూడా విడిగా అదే ఆలోచనకు వచ్చారు. 2014లో సామూహిక ప్రయత్నం 246 దగ్గర ఆగింది. ఈ కథ మీద ఉన్నన్ని మంచి ఉపన్యాసాలు మరో దాని మీద లేవు. హద్దు ఏ పద్ధతితో ఎంత తగ్గిందో వరసగా చూస్తే ఒక ఆలోచనకు ఎంత బలముందో కంటికి కనిపిస్తుంది.

గోళాల అమరిక. ఒకే పరిమాణంలో ఉన్న గోళాలను అంతరాళంలో ఎంత కిక్కిరిసేలా పేర్చవచ్చు? మనకు తెలిసిన మూడు మితుల్లో (పొడవు, వెడల్పు, ఎత్తు) జవాబు సుమారు 74 శాతం. దీన్ని 1998లో థామస్ హేల్స్ భారీ కంప్యూటర్ లెక్కల సాయంతో ప్రకటించారు. 8 మితుల్లో దీని కన్నా కష్టంగా ఉండాలి కదా? 2016 మార్చిలో వియజోవ్‌స్కా ఇచ్చిన నిరూపణకు పాతిక పుటలు కూడా పట్టలేదు. ఎటువంటి ప్రమేయం దొరికితే సమస్య తీరిపోతుందో కోన్, నోమ్ ఎల్కీస్ 2003లోనే చెప్పి ఉంచారు. ఆ ప్రమేయాన్ని ఎవరూ కనిపెట్టలేకపోయారు. ఆమె మాడ్యులర్ ఫారమ్‌ల (ఎంతో సౌష్ఠవమున్న ఒక రకం ప్రమేయాల) నుంచి దాన్ని తయారుచేశారు. వారం తిరక్కుండా కోన్, అభినవ్ కుమార్, స్టీఫెన్ మిల్లర్, దనీలో రాద్‌చెంకో ఆమెతో కలిసి 24 మితులకు కూడా అదే పద్ధతిని నడిపించారు. 4, 5, 6, 7 మితులు మాత్రం అలాగే మిగిలిపోయాయి. 8, 24 మితుల్లోనే ఎందుకు కుదిరిందో బాగా చెప్పే ఉపన్యాసం దొరికితే ఆ గంట వృథా కాదు.

రామ్‌సే సంఖ్యలు. ఆరుగురు ఒకచోట చేరితే వారిలో ఒకరికొకరు తెలిసిన ముగ్గురో, ఒకరికొకరు తెలియని ముగ్గురో ఉండి తీరతారు. ముగ్గురికి బదులు నలుగురు కావాలంటే 18 మంది కావాలి. అయిదుగురి విషయానికి వచ్చేసరికి కచ్చితమైన సంఖ్య ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఈ సంఖ్యలు ప్రతి మెట్టుకూ సుమారు 4 రెట్ల కన్నా వేగంగా పెరగవని 1935లో ఎర్డోష్, సెకెరెష్ చూపారు. ఆ 4ను కాస్తయినా తగ్గించడానికి 2023 మార్చి వరకు పట్టింది. కాంపోస్, గ్రిఫిత్స్, మోరిస్, సహస్రబుద్ధే కలిసి దాన్ని 3.99 చిల్లరకు దించారు. వినడానికి అల్పంగా ఉంటుంది. ఎనభై ఏళ్లకు పైగా కదలని గోడ అది.

వీటితో పాటు ‘టోపీ’ ఆకారం మీద ఉపన్యాసాలు కూడా సులువుగా అందుతాయి. 13 భుజాల ఒకే పలకతో తలమంతా పరచవచ్చు, కానీ ఆ అమరిక ఎప్పటికీ క్రమంగా పునరావృతం కాదు. 2023లో దీన్ని మొదట గమనించిన డేవిడ్ స్మిత్ వృత్తిరీత్యా గణితవేత్త కాదు. నిరూపణ మయర్స్, కాప్లన్, గుడ్‌మన్-స్ట్రాస్‌లతో కలిసి ఇచ్చినది. మలుపు తిరిగే నడవాలో పట్టే అతి పెద్ద సోఫా సమస్యపై జినియన్ బేక్ 2024 చివర్లో పెట్టిన 119 పుటల పత్రం మీద, మూడు మితుల కకేయా ఊహపై (సూదిని అన్ని దిశల్లోనూ ఉంచడానికి ఎంత చోటు కావాలన్నదానికి సంబంధించినది) హాంగ్ వాంగ్, జాషువా జాల్ 2025 ఫిబ్రవరిలో పెట్టిన పత్రం మీద కూడా మంచివి ఉన్నాయి. ఈ రెండోది బొమ్మలతో మొదలై చాలా త్వరగా నిటారుగా లేస్తుంది, జాగ్రత్త.

ఇరవై నిమిషాల తర్వాత ఏమీ అర్థం కావడం లేదు. ఆపేయాలా?

ఆపేయవచ్చు. అందులో తప్పేమీ లేదు. గంట ఉపన్యాసంలో మొదటి పావుగంట అందరికీ, తర్వాతి ఇరవై నిమిషాలు ఆ శాఖవారికి, మిగతాది ఆ సమస్య మీదే పనిచేసేవారికి అన్నది వక్తల్లో పాతుకుపోయిన అలవాటు. గదిలో కూర్చున్నవారిలో కూడా సగం మంది చివరి పావుగంట మర్యాదకే కూర్చుంటారు. మీకు ఆ మొహమాటం లేదు.

అయితే ఆపే ముందు ఒక పని చేయండి. వీడియోను ముందుకు జరుపుతూ ‘ముఖ్యమైన ఆలోచన’ అనో, ‘నిరూపణ రూపురేఖలు’ అనో ఉన్న స్లైడు కోసం చూడండి. అక్కడ వక్త తరచుగా మళ్లీ నేల మీదికి దిగివస్తారు. నిరూపణ నేర్చుకోవడానికి ఉపన్యాసం ఎలాగూ సరిపోదు, దానికి పత్రం ఉంది. ఇంతకాలం ఎక్కడ చిక్కుకుంది, ఏ ఆలోచన ఆ చిక్కు విప్పింది అన్న రెండు సంగతులు దొరికితే ఉపన్యాసం పని అయిపోయినట్టే. ఆ రెండూ దొరక్కుండా చివరిదాకా శ్రద్ధగా చూసినా ప్రయోజనం తక్కువ.

నోట్స్ రాసుకోవాలా?

తెర మీద ఉన్నది తిరిగి రాయకండి, అది ఎక్కడికీ పోదు. సిద్ధాంత వాక్యాన్ని మీ మాటల్లో ఒకసారి, వక్త ఇచ్చిన అతి చిన్న ఉదాహరణను మీ చేత్తో ఒకసారి వేసుకోండి. రామ్‌సే మీద వింటున్నారంటే వీడియో ఆపి, ఆరు బిందువులు పెట్టి, గీతలకు రెండు రంగులు వేసి ఒకే రంగు త్రిభుజాన్ని తప్పించుకోవడానికి ప్రయత్నించండి. తర్వాత అయిదు బిందువులతో చేయండి. పది నిమిషాల ఈ పని తర్వాత మిగతా ఉపన్యాసం వేరేలా వినిపిస్తుంది.

ఉపన్యాసంలో చెప్పారంటే అది నిరూపితమైనట్టేనా?

కాదు. ఈ విషయంలో కొంచెం మొండిగా ఉండాలి.

1993 జూన్‌లో కేంబ్రిడ్జ్‌లో ఆండ్రూ వైల్స్ మూడు ఉపన్యాసాలిచ్చి, మూడో దాని చివర ఫెర్మా చివరి సిద్ధాంతం నిరూపితమైందని తేల్చారు. గది దద్దరిల్లింది, పత్రికలు రాశాయి. తర్వాత సమీక్షలో లోపం బయటపడింది. 1994 సెప్టెంబరులో రిచర్డ్ టేలర్ తోడ్పాటుతో అది సరి అయింది, 1995లో అచ్చయింది. అంటే ఆ మధ్య ఏడాదికి పైగా, ప్రపంచమంతా విన్న నిరూపణ నిరూపణ కాదు. మరోవైపు 2018 సెప్టెంబరులో హైడెల్‌బర్గ్‌లో మైఖేల్ అతియా, ప్రధాన సంఖ్యల పంపిణీకి సంబంధించిన రీమన్ పరికల్పనను నిరూపించానని ప్రత్యక్ష ప్రసారంలో చెప్పారు. ఇరవయ్యో శతాబ్దపు మహా గణితవేత్తల్లో ఒకరు, ఫీల్డ్స్ పతకం, ఆబెల్ పురస్కారం రెండూ అందుకున్నవారు. అయినా ఆ వాదనను నిపుణులు అంగీకరించలేదు. వక్త పేరు ఎంత పెద్దదైనా అది నిరూపణకు బదులు రాదు.

కాబట్టి వీడియో చూశాక మూడు సంగతులు కనుక్కోండి. పత్రం ఎక్కడుంది? ‘ఆర్కైవ్’లో మాత్రమే ఉంటే అది ఇంకా తోటి నిపుణుల సమీక్ష దాటి ఉండకపోవచ్చు. 1991లో మొదలైన ఆ భాండాగారం పత్రాలను ఉంచుతుందే తప్ప తప్పొప్పులు చూడదు. జర్నల్ ఆమోదించిందా? ఆ శాఖలోని ఇతరులు దాని మీద సెమినార్లు ఇస్తున్నారా? మూడో దానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. జర్నల్ సమీక్షకు ఏళ్లు పట్టవచ్చు, కానీ ఇతరులు ఆ పద్ధతిని ఎత్తుకుని తమ సమస్యలకు వాడుతున్నారంటే దాన్ని వరస వరసా చదివారని అర్థం.

నాలుగో రకం సాక్ష్యం ఈ మధ్యే వచ్చింది: కంప్యూటర్ చేత ప్రతి మెట్టునూ సరిచూపించడం. హేల్స్ గోళాల నిరూపణను 12 మంది సమీక్షకులు ఏళ్ల తరబడి చూసి 99 శాతం నమ్మకం ఉందన్నారు. మిగిలిన ఒక్క శాతం కోసం ఆయన బృందం 2014 వరకు శ్రమించి మొత్తం నిరూపణను యంత్రం చేత ధ్రువీకరించింది. 2023 నవంబరులో గవర్స్, గ్రీన్, మానర్స్, టావో కాంబినటోరిక్స్‌లోని మార్టన్ ఊహను నిరూపించినప్పుడు అదే పని ‘లీన్’ అనే వ్యవస్థలో సుమారు మూడు వారాల్లో ముగిసింది. దీని గురించి టావో ఇచ్చిన ఉపన్యాసాలు గణితం పెద్దగా రానివారికి కూడా అందుతాయి.

పాత వీడియోలు చూడటంలో అర్థముందా?

తేదీ చూసుకుంటే ఉంది. 2013 మే నాటి ఉపన్యాసంలో ప్రధాన సంఖ్యల ఎడానికి హద్దు 7 కోట్లే. అది తప్పు కాదు, అప్పటి మాట. పాతవాటిలో ఒక లాభం కూడా ఉంది: ఫలితం ఇంకా వేడిగా ఉన్నప్పుడు గదిలోని సందేహాలు, తొందర, అపనమ్మకం వినిపిస్తాయి. పదేళ్ల తర్వాతి ఉపన్యాసంలో అవన్నీ చదునైపోయి ఉంటాయి.

నంబర్‌ఫైల్, 3బ్లూ1బ్రౌన్ లాంటి ఛానళ్లు చాలవా?

ప్రశ్న మీద ఇష్టం కలిగించడానికి వాటిని మించినవి లేవు. బ్రాడీ హారన్ నంబర్‌ఫైల్ 2011 నుంచి నడుస్తోంది. అందులో ఫలితం సాధించినవారే గోధుమ రంగు కాగితం మీద రాస్తూ మాట్లాడిన వీడియోలు చాలా ఉన్నాయి. గ్రాంట్ శాండర్సన్ 3బ్లూ1బ్రౌన్‌లోని బొమ్మలు రేఖీయ బీజగణితం లాంటి పునాదులను సరిచేసుకోవడానికి పనికొస్తాయి, ఉపన్యాసంలో తట్టుకున్న మాటకు అక్కడ జవాబు దొరుకుతుంది. కానీ పదిహేను నిమిషాల వీడియోలో కష్టమైన చోటు దాదాపు ఎప్పుడూ కోతకు గురవుతుంది. కొత్త ఫలితం విషయంలో ఆ చోటే ముఖ్యం.

నల్లబల్లా, స్లైడులా?

నల్లబల్ల. చేత్తో రాసేవారు మీ ఆలోచన కన్నా వేగంగా పోలేరు.

వేగం పెంచి చూడవచ్చా?

చరిత్ర చెప్పే భాగం వరకు చూడవచ్చు. నిర్వచనం తెర మీదికి రాగానే మామూలు వేగానికి రండి, తర్వాత ఆపండి.

ఫ్రెంచ్‌లో ఉన్న ఉపన్యాసాలను ఏం చేయాలి? సబ్‌టైటిళ్లను నమ్మవచ్చా?

బుర్బాకీ ఉపన్యాసాల్లో చాలా భాగం ఫ్రెంచ్‌లోనే ఉంటాయి. బల్ల మీది సూత్రాలకు భాష అడ్డు కాదు, వక్త వ్యాసం ఇంగ్లీషులో దొరికితే దాన్ని పక్కన పెట్టుకుని చూడవచ్చు. యంత్రం తయారుచేసే సబ్‌టైటిళ్లు మామూలు వాక్యాలకు ఫరవాలేదు. మనుషుల పేర్లు, సాంకేతిక పదాలు, సూత్రాలు వచ్చేసరికి చేతులెత్తేస్తాయి. పేరు సరిగా తెలియాలంటే వీడియో కింది వివరణలో ఉన్న సారాంశం చూడండి. అది వక్తే రాసి ఇచ్చినది కాబట్టి పత్రం వెతకడానికి కావలసిన మాటలన్నీ అందులో ఉంటాయి.

ప్రత్యక్ష ప్రసారంలో ప్రశ్న అడగవచ్చా?

జూమ్‌లో జరిగే బహిరంగ సెమినార్లలో చాలావరకు అడగవచ్చు. చాట్‌లో రాస్తే నిర్వాహకులు వీలు చూసి వక్తకు చదివి వినిపిస్తారు. కొన్నిచోట్ల లింకు కోసం ముందుగా నమోదు చేసుకోవాలి. ‘ఇది దేనికి ఉపయోగం?’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబు సాధారణంగా చప్పగా ఉంటుంది. ‘ఈ పద్ధతి ఎక్కడ ఆగిపోతుంది?’ అని అడిగి చూడండి. 246 ఎందుకు ఇంకా 2 కాలేదో, 8 మితుల్లో పనిచేసినది 7 మితుల్లో ఎందుకు పనిచేయదో వక్త అప్పుడు చెప్పడం మొదలుపెడతారు, చాలాసార్లు కేటాయించిన సమయం దాటిపోయాక కూడా.